సివంగి : ఒక మృగనామముయొక్క అర్థచరిత్ర

2022 సెప్టెంబరు 17వ తేదీన ఆఫ్రికాఖండమందలి నమీబియా దేశమునుండి ఎనిమిది మృగములు విమానమున తేబడి, మధ్యప్రదేశ్ రాష్ట్రమందలి కూనో జాతీయోద్యానమున విడువబడినవి. 2023 ఫిబ్రవరి 18వ తేదీన దక్షిణాఫ్రికానుండి మఱి పండ్రెండు వచ్చినవి. భారతదేశమున నశించినదని 1952లో ప్రకటింపబడిన ఒక మృగజాతిని మఱల నెలకొల్పుటకు జరిగిన ప్రయత్నమిది. ఈ వార్తలను తెలుగువారికి అందజేసిన పత్రికలు ఆ మృగమును ఒకచోట 'చీతా' అనియు, ఒకచోట 'చిఱుత' అనియు, మఱియొకచోట 'చిఱుతపులి' అనియు పేర్కొన్నవి.

ఈ మూడింటిలో మొదటిది హిందీ పదము. తక్కిన రెండును వేఱొక మృగము పేరులు. ఆ వేఱొక మృగము నల్లమలనుండి తిరుమలవఱకు తెలుగునాట నేటికిని సంచరించుచునే ఉన్నది. కావున ఇందలి చిక్కు భాషాపండితులకు మాత్రమే సంబంధించినది కాదు. 2023 ఆగస్టు మాసమున తిరుమల నడకదారిలో చిఱుతపులి ఒక బాలికను చంపినది. అదే సంవత్సరము మార్చి మాసమున కూనోలో పిల్లలు పుట్టిన వార్త శుభవార్తగా వెలువడినది. మనుష్యుని ప్రాణమునకు అపాయము కలిగింపగల మృగమును, పచ్చికబయళ్లలో జింకలను తఱిమి పట్టుకొను మృగమును ఒకే పేరుతో పిలిచినచో, దేనివిషయమున జాగ్రత్త వహింపవలెనో, దేనిని చూచి బెదరనక్కఱలేదో సామాన్య పాఠకునకు తెలియు మార్గము లేదు.

ఈ మృగమునకు తెలుగున పేరు లేకపోలేదు. 'సివంగి' దాని పేరు. కాని ఆ పేరు నేడు ఆ మృగమును బోధించుట లేదు. సామాన్యవ్యవహారమున సివంగి అనగా ఆడసింహము. నిఘంటువులను ఆశ్రయించినచో తరక్షువనియు, దుమ్ములగొండియనియు, చిఱుతజాతి మృగమనియు అర్థములు ఏకరీతిగాక కనబడును. ఒక్క పదము నాలుగు మృగముల నడుమ తిరుగాడుచుండుటకు కారణమేమి? మృగము కనుమఱుగైన పిమ్మట దాని పేరు నిలువనీడ లేనిదై పరమృగములను ఆశ్రయించుటయే కారణము. ఆ పేరును శాస్త్రవ్యవహారమునందైనను దాని స్వస్థానమునకు చేర్చుట భాషాశాఖల కర్తవ్యము.

పులి, చిఱుత

సివంగిని విచారించుటకు ముందు పులి కుటుంబపు పేరులను ఒకింత పరిశీలింపవలెను. 'పులి' ద్రావిడభాషలకు ఉమ్మడి పదము. తమిళ మలయాళములందు పులి, కన్నడమున హులి, తుళువున పిలి. పాలు హాలుగను, పూవు హూవుగను మాఱినట్లే కన్నడమున పకారము హకారమైనది. రూపమున ఇంత సామ్యమున్నను అర్థమున ఏకత లేదు. మలయాళమున పెద్దపులిని 'కడువ' అందురు. ఉత్త 'పులి' అన్నప్పుడు సామాన్యముగా చిఱుతపులియే స్ఫురించును. మలయాళ కథను తెలుగుచేయువాడు పులిని పులిగానే ఉంచినచో అడవి మాఱకపోయినను మృగము మాఱిపోవును. సోదరభాషల నడుమ అనువాదము సులభమను నమ్మిక ఇట్టిచోట్లనే మోసగించును.

తెలుగున పులి శబ్దము జాతివాచకము. అందు పెద్దది పెద్దపులి, చిన్నది చిఱుతపులి. 'బెబ్బులి' అను పదము కన్నడమందలి 'హెబ్బులి'కి తోబుట్టువు. దాని పూర్వభాగమందును పెద్ద అను అర్థమే ఉన్నది. 'చిఱుత' అనగా చిన్నది. చిఱుతప్రాయమనునప్పుడు ఆ అర్థము స్పష్టము. తమిళమున 'సిఱుత్తై', కన్నడమున 'చిరతె' ఈ ధాతువునుండి పుట్టినవే. కాలక్రమమున పులి శబ్దము జాఱిపోయి విశేషణమే విశేష్యమై, చిఱుత ఒక మృగమునకు పేరైనది.

ఇందు గమనింపదగినది ఒకటి కలదు. చిఱుత అను పేరు ఆ మృగముయొక్క పరిమాణమును చెప్పుచున్నదే కాని, దాని మేనిమచ్చలను చెప్పుటలేదు. పెద్దపులితో పోల్చి పెట్టిన పేరది. మచ్చలున్న ప్రతి మృగమునకును అది చెల్లదు.

చీతా

'చీతా' పదమునకు మూలము సంస్కృతమందలి 'చిత్రక' శబ్దము. చిత్రము అనగా ఇచట పలువన్నెలు కలది, చుక్కలు కలది అని అర్థము. మరాఠీలోని 'చిత్తా' ఈ కుదురునకు చెందినదే. అయితే చుక్కలను చెప్పు పేరు చుక్కలున్న మృగములన్నిటికిని చెల్లును. వంగభాషలో 'చితాబాఘ్' అనగా చిఱుతపులి. ఆంగ్లేయులు హిందీనుండి ఈ పదమును గ్రహించి, దక్షిణభారతమునందును సింహళమునందును చాలకాలము చిఱుతపులినే ఆ పేరుతో పిలిచిరి. కావున నామసంకరము తెలుగువారి అజ్ఞానముచేత మాత్రమే కలిగినది కాదు. పేరునకు ఆధారమైన లక్షణమే రెండు మృగములకు ఉమ్మడియైనది.

సంస్కృతకోశములును ఈ విషయమున పూర్ణసాహాయ్యము చేయవు. అమరకోశమందలి సింహాదివర్గమున శార్దూల ద్వీపి శబ్దములు వ్యాఘ్రమునకు పర్యాయములుగా చెప్పబడినవి. తరక్షువునకు మృగాదనము పర్యాయము. ద్వీపములవంటి మచ్చలు గలదను అర్థమును స్ఫురింపజేయు ద్వీపిశబ్దమునకును, చారలుగల పెద్దపులికిని కోశమున ఒకే పంక్తి చాలినది. కోశకారుని లక్ష్యము కవికి పర్యాయపదములను సమకూర్చుట. మృగములను వర్గీకరించుట కాదు. ఈ భేదమును మఱచి, కోశమును జంతుశాస్త్రముగా చదువుటవలన తరువాతి నిఘంటుకారులు చిక్కుపడిరి.

తెలుగునందు మఱియొక చిక్కు చేరినది. చీతా, చిఱుత అను రెండు పదములకును ధ్వనిసామ్యము కలదు. ఒకటి సంస్కృతభవము, రెండవది ద్రావిడము. వాని నడుమ చుట్టఱికము లేశమును లేదు. అయినను చెవికి దగ్గఱగా ఉండుటచే, చీతా అనునది చిఱుతకు హిందీ రూపమని తలచువారు విద్యావంతులలోను కలరు. పత్రికలలో కనబడు పొరపాటునకు ఈ ధ్వనిసామ్యమే ముఖ్యకారణమని తోచుచున్నది.

ఈ రెండు మృగములకు గల భేదము అల్పము కాదు. చిఱుతపులి మచ్చలు గులాబీపూవువలె గుంపుగూడి, నడుమ ఖాళీతో ఉండును. చీతా మచ్చలు విడివిడిగా ఉండు నిండు నల్లచుక్కలు. చీతాకు కన్నుల కొనలనుండి నోటివఱకు కన్నీటి చాఱవలె నల్లని గీఱలు దిగియుండును. చిఱుతపులి చెట్లెక్కును, రాత్రివేళ పొంచి వేటాడును, గ్రామముల అంచులలో కుక్కలను పట్టి బ్రదుకగలదు. చీతా పగటివేళ బట్టబయట పరుగెత్తి వేటాడును. దాని గోళ్లు చిఱుతపులి గోళ్లవలె పూర్తిగా లోనికి ముడుచుకొనవు. నేలమీది మృగములలో దానిని మించిన పరుగు వేఱొకదానికి లేదు.

సివంగి పదమునకు సాక్ష్యములు

ఇక సివంగి. ఈ పదము తెలుగునకు మాత్రమే పరిమితము కాదు. కన్నడమున 'సివంగి', తమిళమున 'సివింగి' కలవు. తమిళమున నేడు చీతాకు 'సివింగిప్పులి' అనియే వాడుక. అంతకంటె విలువైన సాక్ష్యము మఱియొకటి ఆ భాషలోనే ఉన్నది. ఆఫ్రికాఖండపు జిరాఫీని తమిళులు 'ఒట్టగచ్చివింగి' అందురు. ఒట్టగమనగా ఒంటె. ఒంటెవంటి మెడయు, సివింగివంటి మచ్చలును గలది అని దాని తాత్పర్యము. గ్రీకులు, రోమనులు ఆ జంతువునకు పెట్టిన పేరును అనుసరించి తమిళులు ఈ సమాసమును కల్పించుకొన్నారు. ఆ కల్పనకు సివింగి శబ్దము ఉపయోగపడినదన్నచో, తమిళుల మనస్సున ఆ శబ్దము చుక్కలమృగమును బోధించుచుండెననుట నిస్సంశయము.

ఈ సాక్ష్యమును తెలుగు అర్థములకు అన్వయించి చూడవలెను. భారతదేశమున ఉన్న దుమ్ములగొండికి చారలే కాని చుక్కలు లేవు. ఎదిగిన ఆడసింహమునకు చారలును లేవు, చుక్కలును లేవు. కావున ఈ రెండర్థములలో ఏదియు సివంగికి మూలార్థము కాజాలదు. చిఱుతపులికి చుక్కలున్నను, దానికి మూడు భాషలలోను చిఱుతశబ్ద సంబంధమైన పేరు వేఱుగా ఉండనే ఉన్నది.

మఱియొక సాక్ష్యము 19వ శతాబ్దిలోనిది. మద్రాసు సైన్యమున వైద్యుడై, కొంతకాలము నెల్లూరున సర్జనుగా పనిచేసిన జెర్డన్ 1867లో భారతదేశపు స్తన్యజంతువులనుగూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. అందు మృగములకు దేశభాషలలో గల పేరులను కూడ పొందుపఱచెను. చీతాకు కన్నడమున సివంగి అను పేరును, తెలుగున చీతాపులి అను పేరును ఆయన ఇచ్చియున్నాడు. దుమ్ములగొండికి తెలుగున 'కొర్నగండు' వంటి వేఱు పేరును నమోదుచేసెను.

సివంగి కన్నడపదమే కాని తెలుగుపదము కాదని ఈ పట్టికను బట్టి వాదింపవచ్చును. ఆ వాదము నిలువదు. జెర్డన్ విన్నది తాను సంచరించిన ప్రాంతములందలి వేటగాండ్ర మాట. అది తెలుగుదేశమంతటి మాట కాదు. పదము తెలుగున ఉన్నదనుటకు నేటి వ్యవహారమే ప్రమాణము. తమిళమునందును కన్నడమునందును చీతాకు చెల్లిన పదము, ఆ రెండు భాషల నడుమనున్న తెలుగున మాత్రము మొదటినుండియు ఆడసింహమై ఉండెననుట యుక్తికి నిలుచునది కాదు.

వ్యుత్పత్తి విచారము

సివంగిని 'శివంగి' అని వ్రాయుట నేడు హెచ్చినది. దీనివలన శివ, అంగి అను రెండు భాగములు కల్పించి, శుభమైన శరీరము గలదనియో, శివసంబంధము గలదనియో చెప్పుట మొదలైనది. సంస్కృతమున 'శివా' అనగా నక్క అను అర్థము కూడ ఉండుటచే, నక్కవంటి శరీరము గలదని చెప్పుటకును అవకాశమున్నది. ఇవి అన్నియు పండితుల ముచ్చటలే. తమిళమందలి 'సివింగి'లో 'అంగి' లేనేలేదు. తెలుగున ఇకారమునకు ముందున్న సకారము శకారపు ఛాయతో పలుకబడుట సహజము. ఆ పలుకుబడియే వ్రాతలోనికి వచ్చి, సంస్కృతపు ముసుగు వేసికొన్నది.

తమిళమున ఎఱ్ఱదనమును చెప్పు 'సివ' ధాతువునుండి ఈ పదము పుట్టెననుట పై వ్యుత్పత్తులకంటె మేలైనది. మృగము పసుపుగలసిన ఎఱుపువన్నె కలది కావున అర్థము కుదురును. కాని ధ్వని కుదురదు. తమిళమున సకారాదిగా ఉన్న ఆ ధాతువునకు కన్నడమున కకారాది రూపమే ఉండును. 'కెంపు' అనుచోట వలె. చెవి అను పదము కన్నడమున 'కివి' అగుట ఈ సూత్రమునకే ఉదాహరణము. ఆ ధాతువునుండియే పుట్టినచో కన్నడమున ఈ మృగనామము కకారాదిగా ఉండవలసినది. కాని అక్కడను సివంగియే. కన్నడులు తమిళులనుండియో తెలుగువారినుండియో ఎరువు తెచ్చుకొనిరని చెప్పిననే ఈ వ్యుత్పత్తి నిలుచును. ఆ ఎరువునకు సాక్ష్యము చూపవలసిన బాధ్యత అట్లు చెప్పువారిది. అర్థనిర్ణయమునకు మాత్రము వ్యుత్పత్తికంటె ప్రయోగమే బలవత్తరమైన ప్రమాణము. ప్రయోగము చుక్కలమృగమువైపే చూపుచున్నది.

మృగము నశించిన తెఱగు

పదము దారితప్పిన విధము తెలియవలెనన్నచో మృగము కనుమఱుగైన విధము తెలియవలెను. కల్యాణమును ఏలిన పశ్చిమచాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన మానసోల్లాసమున రాజులు చీతాలతో వేటాడు ప్రసక్తి కలదు. చీతా కండ్లకు గంతలు కట్టి, ఎడ్లబండిపై జింకలమంద చేరువకు తీసికొనిపోయి, గంతలు విప్పి వదలుట ఈ వేటయందలి పద్ధతి. ఇఱ్ఱిని పట్టిన పిమ్మట దానికి మాంసమునొసగి మఱల బండి యెక్కింతురు. మొగలాయి చక్రవర్తులకు ఈ వేటయందు మక్కువ మెండు. అక్బరునొద్ద ఒకేసమయమున వేయి చీతాలుండెనని ఆయన కుమారుడు జహంగీరు తన స్వీయచరిత్రమున వ్రాసికొనెను.

ఇట్టి వేడుకయే మృగమునకు చేటు తెచ్చినది. చీతా బంధనమున సంతానము కనుట మిక్కిలి అరుదు. జహంగీరు కాలమున అట్లు పిల్లలు పుట్టుట ఒక అపూర్వ విషయముగా నమోదైనది. కావున రాజాస్థానములకు కావలసిన చీతాలనన్నిటిని అడవినుండియే పట్టి తేవలసివచ్చెను. శతాబ్దుల తరబడి ఈ పట్టివేత సాగినది. మఱియొకవైపు పచ్చికబయళ్లు పొలములైనవి, ఇఱ్ఱులు తగ్గినవి, తుపాకులు పెరిగినవి.

తెలుగునాటికి ఈ మృగము అపరిచితము కాదు. విజయనగరం రాజావారికి పెంపుడు చీతాలుండెడివి. 1880లో విశాఖపట్టణమున గవర్నరు ఏజెంటుగా ఉన్న ఆంగ్లేయాధికారి వేటసమయమున ఆ చీతాలలో ఒకదానివలన మరణించెను. చీతా మనుష్యుని చంపుట ఎంత అరుదన్నచో, భారతదేశ చరిత్రలో ఈ ఒక్క సంఘటనయే పదేపదే పేర్కొనబడుచున్నది. 1947లో నేటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా సంస్థానాధీశుడు ఒకే రాత్రి మూడు చీతాలను కాల్చి చంపెను. ఈ జాతికి సంబంధించి దేశమున నిస్సందేహమైన తుదిసాక్ష్యము అదియే. 1952లో అది నశించినదని ప్రభుత్వము ప్రకటించెను. ఆ 1952వ సంవత్సరముననే బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘపు పత్రికలో ఒక చీతా కనబడిన వృత్తాంతము అచ్చైనది. అది కనబడిన చోటు నాడు మద్రాసు రాష్ట్రమున ఉండిన చిత్తూరు జిల్లా. అనగా ఈ మృగముయొక్క తుదివార్తలలో ఒకటి తెలుగు గడ్డ మీదిదే.

అర్థము జాఱిన రెండు దారులు

కన్నులకు కనబడని మృగము పేరు రెండు దారులు పట్టినది. మొదటిది గ్రంథముల దారి. సివంగికి తరక్షువని అర్థము వ్రాసినవారు, తరక్షువునకు గల మృగాదనమను పర్యాయమును, అనగా జింకలను తినునదను అర్థమును మనసున ఉంచుకొని యుండవచ్చును. ఆ లక్షణము చీతాకు చక్కగా చెల్లును. కాని తరక్షుశబ్దము దేశభాషలలో దుమ్ములగొండియందు స్థిరపడినది. మరాఠీలో దుమ్ములగొండిని నేటికిని 'తరస్' అందురు. కావున సివంగికి తరక్షువు, తరక్షువునకు దుమ్ములగొండి అని ఒకదాని వెంట ఒకటి చదువుకొన్నవారికి సివంగి దుమ్ములగొండియైనది. పర్యాయపదముతో అర్థము చెప్పు పద్ధతియందలి లోపమిది. మృగమును వర్ణించి అర్థము వ్రాసియుండినచో ఈ భ్రాంతికి తావుండెడిది కాదు.

రెండవది జనుల దారి. సివంగి ఆడసింహమగుటకు గ్రంథములతో పనిలేదు. తెలుగు అడవులలో సింహము లేదు. దానిని తెలుగువారు ఎఱిగినది గుడి స్తంభముల మీద, కథలలో, ఉపమానములలో. మగవానిని సింహముతో పోల్చినప్పుడు స్త్రీని పోల్చుటకు ఒక పదము కావలసివచ్చినది. సివంగి ఇకారాంతము, స్త్రీవాచకమువలె వినబడును. సింహశబ్దముతో ఆద్యక్షరపు పోలిక కలదు. శివంగి అని పలికినప్పుడు సింహవాహనయైన శివుని దేవేరి స్ఫురించును. ఈ సౌకర్యములన్నియు కూడివచ్చి, చూడని మృగము పేరు చూడని మృగమునకే అమరినది.

అయినను పూర్వార్థము పూర్తిగా చెఱగిపోలేదు. కోపించిన స్త్రీనిగూర్చి సివంగివలె దూకినదని అందురు. సివంగివలె గర్జించినదనుటకంటె ఇదియే తఱుచు. ఆ పోలిక ప్రాణము దూకుటయందు ఉన్నది. ఎడ్లబండిమీదినుండి ఒక్క ఉదుటున జింకలమందమీదికి లంఘించిన మృగముయొక్క జ్ఞాపకము, ఆ మృగమును ఎఱుగనివారి పలుకుబడిలో మిగిలియున్నదని తలచుటకు అవకాశము కలదు.

కర్తవ్యము

ఇట్లుండగా చేయవలసినదేమి? వ్యవహారమును దిద్దబూనుట వ్యర్థము. సివంగిని ధీరస్త్రీకి ఉపమానముగా వాడు కోట్లాది జనులకు అది తప్పని చెప్పుట భాషాశాస్త్రము కాదు. అర్థము మాఱుట దోషము కాదు. మాఱినదని తెలియకపోవుట దోషము.

నిఘంటువుల విషయము వేఱు. సివంగి ఆరోపమున అర్థములను కలగాపులగముగా చేర్చుట మాని, చరిత్రక్రమమున విడదీసి చూపవలెను. చీతా అను అర్థము మొదటిది. తరక్షుశబ్దము మూలమున వచ్చిన దుమ్ములగొండి అను అర్థము రెండవది. ఆడసింహము, సాహసవతియైన స్త్రీ అనునవి ఆధునిక వ్యవహారమందలివి. ప్రాచీనకావ్యములందలి వేటవర్ణనలలో సివంగి కనబడినచోట వ్యాఖ్యాత ఏ అర్థము గ్రహింపవలెనో అప్పుడు తెలియును. రాజుల వేటబలగమునందు డేగలతోను జాగిలములతోను కూడ సివంగి వచ్చినచో, దానిని ఆడసింహమని వ్యాఖ్యానించువాడు నవ్వులపాలగును.

పాఠ్యపుస్తకములందు చిఱుతపులి, చీతా, దుమ్ములగొండి, ఆడసింహము అను నాలుగింటికిని నాలుగు పేరులు నియతముగా ఉండవలెను. చీతాకు సివంగి అను పేరును ప్రక్కన తప్పక చేర్పవలెను. నేటి బాలునకు సివంగి అనగా ఆడసింహమే కదా, ఇందువలన క్రొత్త గందరగోళము పుట్టదా అని శంకింపవచ్చును. రెండు పేరులను జతగా ఇచ్చినచో ఆ భయము లేదు. తమిళులు సివింగికి పులిశబ్దమును చేర్చి సందేహమును తీర్చుకొనిరి. తెలుగువారును 'సివంగిపులి' అన్నచో ఆడసింహముతో భ్రాంతి తొలగును. పులిజాతి పేరుల వరుసలో అది సహజముగా ఇముడును.

పత్రికలవారు చీతా అని వ్రాయుటలో తప్పు లేదు. ఆ పదము దేశమంతట ప్రచారమున ఉన్నది. ఎరువుపదములను తెలుగు ఏనాడును కాదనలేదు. చీతాను చిఱుత అని వ్రాయుట మాత్రము మానవలెను. చిఱుతపులి తెలుగునాట ప్రాణములతో ఉన్న మృగము. అటవీశాఖవారి హెచ్చరికలు, నష్టపరిహారపు దరఖాస్తులు, గ్రామస్థుల ఫిర్యాదులు ఆ పేరుమీదనే నడచుచున్నవి. అట్టి పేరును సందిగ్ధము చేయుట ఎవరికిని మేలు కాదు.

మఱియొక పని తొందరగా జరుగవలసియున్నది. చెంచులు, యానాదులు, కోయలు మొదలగు జనుల నోట అడవిమృగముల పేరులు ఎన్నియో నేటికిని నిలిచియున్నవి. తమిళనాడునందలి కృష్ణగిరి, హోసూరు ప్రాంతములందును, కర్ణాటకమందలి బళ్లారి ప్రాంతమునందును నివసించు తెలుగువారు రెండు భాషల నడుమ బ్రదుకుచున్నవారు. ఆంధ్ర తెలంగాణములందు మఱుగైన అర్థము వారి యిండ్లలో మిగిలియుండుటకు అవకాశము హెచ్చు. చిత్తూరు జిల్లాలో చీతా కనబడిన నాటికి బాలురైనవారు నేడు ఎనుబదేండ్లకు పైబడినవారు. సివంగి అనగా ఏ మృగమని వారిని అడిగి వ్రాసికొనుటకు మిగిలియున్న కాలము స్వల్పము. రాష్ట్రమునకు వెలుపలనున్న తెలుగుశాఖలు జంతుశాస్త్రశాఖలతో కలిసి, చిత్రములు చూపి పేరులు సేకరించు పద్ధతిని అవలంబించినచో ఈ పని కొలది సంవత్సరములలో నెఱవేఱును.

చీతాలను మఱల తెచ్చుటకు విమానములు, వైద్యులు, కంచెలు, అంతర్జాతీయ ఒడంబడికలు కావలసివచ్చినవి. పేరును మఱల తెచ్చుటకు అంతటి సంరంభము అక్కఱలేదు. ఒక ఆరోపమును సరిగా వ్రాసిన చాలును, ఒక పాఠమును సరిగా దిద్దిన చాలును. తెచ్చిన మృగములు ఈ నేలపై నిలుచునో లేదో కాలమే చెప్పవలెను. అవి నిలిచినను నిలువకున్నను, ఒకప్పుడు ఈ నేలపై పరుగులిడిన మృగమును తెలుగువారు ఏమని పిలిచిరో రాబోవు తరమునకు తెలియజేయవలసిన బాధ్యత నేటి భాషాశాఖలదే.